బీరువా తాళం బీరువాలోనే

మొన్న మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక పోస్టర్ పెట్టారు. సైబర్ మోసాల మీద పది జాగ్రత్తలు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. అన్నీ బాగానే ఉన్నాయి. ఏడోదో ఎనిమిదోదో ఇలా ఉంది: "పాస్‌వర్డ్‌లు కాగితం మీద ఎప్పుడూ రాసుకోకండి." కింద అందరూ దణ్ణం బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టబోయి ఆగిపోయాను. ఇదే మాట ఒకప్పుడు మా నాన్నని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఇప్పుడు అనలేను.

పాస్‌వర్డ్ మేనేజర్ అంటే మన పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టి, కావలసినచోట నింపిపెట్టే యాప్. అది వాడాలా వద్దా అన్న సందేహం నాకు లేదు. ఐదేళ్లుగా వాడుతున్నాను, మానే ఉద్దేశం కూడా లేదు. కానీ అది పెట్టుకున్నాక ఇక కాగితంతో పని లేదనే వాళ్లతో నాకు పేచీ ఉంది. దొంగతనం భయంతో తాళాలు వేసుకుంటూ పోయి, చివరికి మనమే బయట నిలబడే రోజు వస్తుందని నాకు అనుభవం మీద తెలిసింది.

దేవుడి పేరు, యాట్, 123

నేను విజయవాడలో ఒక చిన్న ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను. క్లయింట్లు ఎక్కువమంది కొట్లవాళ్లే. ఎలక్ట్రికల్ సామాను, చెప్పులు, ధాన్యం వ్యాపారం. వాళ్ల జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ లాగిన్లన్నీ ఏళ్ల తరబడి ఒక ఎక్సెల్ షీటులో ఉండేవి. ఆ షీటు చదువుతుంటే భలే కాలక్షేపం. సాయిరామ్ యాట్ (అదే, @ గుర్తు) 123. శ్రీనివాస యాట్ 123. దుర్గ యాట్ 786, ఈ చివరాయన ఎవరినీ నొప్పించదలచుకోలేదు. కొట్లో గల్లాపెట్టె పైన ఏ దేవుడి పటం ఉందో చూస్తే సగం పాస్‌వర్డ్ మనకి తెలిసిపోయినట్టే. మిగతా సగం 123.

మనవాళ్లని మరీ వెక్కిరించడానికి లేదు. 2009లో రాక్‌యూ అనే అమెరికా సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా బయటపడితే, వాటిలో ఎక్కువమంది పెట్టుకున్నది 123456. మనవాళ్లు కనీసం దేవుణ్ణి తోడు పెట్టుకున్నారు.

అసలు ప్రమాదం పాస్‌వర్డ్ తేలికగా ఉండటం ఒక్కటే కాదు, అదే పాస్‌వర్డ్ పదిచోట్ల ఉండటం. ఎక్కడో చీరల సైటు నుంచి అది పోతే, అదే మెయిలు ఐడీతో అదే పాస్‌వర్డ్ బ్యాంకులో, మెయిల్లో కొట్టి చూస్తారు. మనుషులు కూర్చుని కొట్టరు, ప్రోగ్రాములు కొడతాయి. దీనికి విరుగుడు ప్రతి సైటుకీ వేరే పాస్‌వర్డ్. వేరువేరుగా వంద పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకోవడం ఏ బుర్రకీ సాధ్యం కాదు కాబట్టి మేనేజర్. ఇంతవరకూ నాకెవరితోనూ తగువు లేదు.

బ్రౌజర్లో ఉన్నది చాలదా

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. "అక్కా, ఫోన్లో ఉన్నదే ఉండగా మళ్లీ వేరే యాప్ దేనికి?" అంటాడు. వాడి ఫోను, లాప్‌టాప్, చేతి గడియారం అన్నీ యాపిల్‌వే. 2024లో ఐఫోన్లకి వచ్చిన ఐఓఎస్ 18తో పాటు పాస్‌వర్డ్స్ అని ఒక యాపే ఇచ్చారు. వాడికి అది చాలు, నిజమే. నాది ఆండ్రాయిడ్ ఫోను, ఆఫీసులో విండోస్ కంప్యూటరు. ఆ కంప్యూటరు కూడా నా ఒక్కదానిది కాదు.

ఒకసారి ఏదో బిల్లు కడుతుంటే క్రోమ్ "పాస్‌వర్డ్ సేవ్ చెయ్యమంటారా" అంది. చెయ్యమన్నాను. అలా ఓ నెల్లాళ్లపాటు అడిగినప్పుడల్లా చెయ్యమన్నాను. ఒకరోజు పక్క సీటు కుర్రాడు వచ్చి, "మేడమ్, మీ గ్యాస్ కనెక్షన్ లాగిన్ నా ఫోన్లో కనపడుతోందేంటి?" అన్నాడు. ఆ క్రోమ్‌లో ఉన్నది అతని గూగుల్ అకౌంటు. నా పాస్‌వర్డ్‌లన్నీ బుద్ధిగా వెళ్లి అతని ఖాతాలో కూర్చున్నాయి. పాపం మంచివాడు కాబట్టి చెప్పాడు. ఆ రాత్రే నేను విడిగా ఒక యాప్ పెట్టుకున్నాను.

ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఒకే వాల్ట్ (యాప్‌లో పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె) ఉండటం బాగుంటుంది, కానీ సాఫీగా సాగిపోతుందని మాత్రం చెప్పను. కొన్ని బ్యాంకు యాప్‌లు ఆటోఫిల్‌ని, అంటే మేనేజర్ తానే నింపడాన్ని, అసలు పట్టించుకోవు. కొన్ని సైట్లు పేస్ట్ చెయ్యనివ్వవు, తెర మీద అక్షరాలు కలగాపులగం చేసిన కీబోర్డు చూపించి ఒక్కొక్కటీ నొక్కమంటాయి. సొంతంగా పెట్టుకున్న దేవుడి పేరైతే నొక్కొచ్చు. యాప్ తయారుచేసిన ఇరవై అక్షరాల చెత్తని ఫోన్లో చూస్తూ కంప్యూటర్లో నొక్కడం మందుల చీటీ చదవడం లాంటిది. ఇంకో సైటు నా ఇరవై అక్షరాల్లో మొదటి పద్నాలుగే తీసుకుని, మిగతావి చెప్పాపెట్టకుండా కత్తిరించేసింది. మర్నాడు ఇరవై కొడితే తప్పు అంది. ఆ సంగతి తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది.

ఇన్ని చిరాకులున్నా నేను వదలకపోవడానికి ఒక కారణం ఉంది. జూలై నెల, రిటర్నుల హడావుడి. ఇన్‌కమ్ టాక్స్ రిఫండ్ ఆగిపోయిందని, వివరాలు సరిచూసుకోమని ఒక మెయిలు వచ్చింది. లోగో, రంగులు, అంతా అచ్చం అసలు దానిలాగే ఉంది. లింకు నొక్కితే లాగిన్ పేజీ వచ్చింది. మామూలుగా అక్కడ వేలు పెట్టగానే నా యాప్ పేరు చూపిస్తుంది. ఈసారి చూపించలేదు. "దీనికి మళ్లీ మొండి పట్టింది" అని విసుక్కుంటూ యాప్ తెరిచి పాస్‌వర్డ్ కాపీ చేశాను. పేస్ట్ చెయ్యబోతూ అడ్రసు చూశాను. అసలు పేరుకి మధ్యలో ఒక అడ్డగీత, చివర ఇంకేదో. యాప్‌కి లోగో కనపడదు, రంగులు కనపడవు. దానికి కనపడేది అడ్రసు ఒక్కటే. అది తేడాగా ఉంది కాబట్టి నోరు మెదపలేదు. పాతికేళ్లుగా లెక్కలు చూస్తున్న నా కన్ను మోసపోయింది. ఇప్పుడు అది పలకని చోట నేను చెయ్యి వెనక్కి తీసుకుంటాను.

ఇరవయ్యో తారీఖు

ఇక నాన్న సంగతి. నాన్న తెనాలిలో ఉంటారు. రిటైరైన టీచరు. ఏటా ఎల్ఐసీ ఏజెంటు ఇచ్చే డైరీలో వెనక పేజీలు ఆయన పాస్‌వర్డ్‌ల ఖజానా. ఆయన రాసే పద్ధతి చూడాలి. ఇంగ్లీషు అక్షరాలు రాయరు, తెలుగులో రాస్తారు: "పెద్ద కె, చిన్న ఆర్, సున్నా (ఓ అక్షరం కాదు), ఏడు, డాలరు గుర్తు, చిన్న ఎల్ (ఒకటి కాదు)." ఎందుకు నాన్నా అంటే, "నా చేతిరాతలో ఓకీ సున్నాకీ తేడా నాకే తెలియదమ్మా" అన్నారు.

ఒకసారి మెడిక్లెయిము కాగితాలు నా మెయిల్లో ఉండిపోతే, నా మెయిలు ఆయన ట్యాబ్‌లో తెరవాల్సి వచ్చింది. ఫోన్లో పాస్‌వర్డ్ చెబుతూ, "కొట్టండి, రాసుకోకండి నాన్నా" అని రెండుసార్లు చెప్పాను. "సరే అమ్మా" అన్నారు.

రెండేళ్లు గడిచాయి. ఒక 19వ తారీఖు సాయంత్రం విజయవాడ బస్టాండులో బస్సెక్కే తోపులాటలో నా ఫోను పోయింది. మర్నాడు 20, నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-3బీ, వెయ్యడానికి ఆఖరి రోజు. నా చేతిలో ఉన్న క్లయింట్లలో ముగ్గురివి ఇంకా వెయ్యలేదు. వెయ్యాలంటే ఓటీపీ రావాలి. ఆ ముగ్గురి రిజిస్ట్రేషన్లలో ఉన్న ఫోను నంబరూ మెయిలూ నావి. (అలా పెట్టకూడదు, నాకు తెలుసు. ఆడిట్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ నన్ను తిట్టుకునే ముందు తమ షీటు ఒకసారి చూసుకోవాలి.)

పొద్దున్నే ఆధార్ పట్టుకెళ్లి డూప్లికేట్ సిమ్ము తీసుకున్నాను. గంటలో కాల్స్ వచ్చాయి, మెసేజీలు మాత్రం రాలేదు. కౌంటర్లో అమ్మాయి చల్లగా చెప్పింది: సిమ్ము మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారట. నిజమే, సిమ్ము మార్చి డబ్బు కొట్టేసే దొంగల కోసం టెలికాం శాఖ 2022లో పెట్టిన నిబంధన అది. మంచి నిబంధన. ఆ రోజు నాకు మాత్రం ప్రాణం మీదికి వచ్చింది.

పోనీ, మెయిలుకి వచ్చే ఓటీపీ చూద్దామంటే మెయిలు పాస్‌వర్డ్ వాల్ట్‌లో ఉంది. వాల్ట్ తెరవడానికి మాస్టర్ పాస్‌వర్డ్ నా బుర్రలోనే ఉంది. ఆఫీసు కంప్యూటర్లో కొట్టాను. ఆ వారమే దానికి విండోస్ కొత్తగా వేశారు కాబట్టి యాప్ దాన్ని గుర్తుపట్టలేదు. "ఇది కొత్త పరికరం, మీ మెయిలుకి కోడ్ పంపాం, కొట్టండి" అంది. మెయిలు తెరవాలంటే వాల్ట్ కావాలి. వాల్ట్ తెరవాలంటే మెయిలు కావాలి. మా అమ్మమ్మ ఒకసారి బీరువా తాళం బీరువాలోనే పెట్టి తలుపు నొక్కేసి, తల పట్టుకుని కూర్చుందట. సరిగ్గా అదే.

నాకు కంఠతా వచ్చిన నంబర్లు రెండే. ఒకటి నాది, రెండోది నాన్నది. ఆఫీసు ఫోను నుంచి చేశాను. "నాన్నా, ట్యాబ్‌లో నా మెయిలు ఇంకా ఉందా?"

"ఉందమ్మా, కానీ మళ్లీ పాస్‌వర్డ్ కొట్టమంటోంది."

నేను నీరుగారిపోయాను. అటువైపు నిశ్శబ్దం. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. తర్వాత, కొంచెం దొంగతనం దొరికిపోయినవాడి గొంతుతో: "నువ్వు రాయొద్దన్నావు గానీ... రాసి పెట్టాను."

పెద్ద పి, చిన్న డబ్ల్యూ, తొమ్మిది, హ్యాష్ గుర్తు. పైకి చదువుకుంటూ ఆయనే కొట్టారు. పది నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి తప్పు పడింది, మళ్లీ మొదటి నుంచి. నేను ఫోను చెవికి ఆనించుకుని ఊపిరి బిగబట్టి వింటున్నాను. మెయిలు తెరుచుకుంది. ఆరంకెల కోడ్ చదివారు. వాల్ట్ తెరుచుకుంది. సాయంత్రం నాలుగింటికల్లా మూడు రిటర్నులూ వేసేశాను. ఆలస్యమైతే ఒక్కొక్కదానికీ రోజుకి 50 రూపాయల ఫైను, పైన వడ్డీ. డబ్బుదేముంది, ఆ క్లయింట్ల ముందు మొహం ఎలా చూపించేదాన్నో.

ఇంకో చమత్కారం ఉంది. ఆ రెండేళ్లలో నేను మెయిలు పాస్‌వర్డ్ మార్చి ఉంటే నాన్న డైరీ ఎందుకూ పనికొచ్చేది కాదు. మూడు నెలలకోసారి మార్చాలి అన్న పాత పాఠం నమ్మినవాళ్లు మార్చేవాళ్లే. ఆ పాఠం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ రాసిన పత్రంలోది. రాసిన బిల్ బర్ 2017లో తాను చెప్పినవాటిలో చాలావాటికి చింతిస్తున్నానని పత్రికలతోనే అన్నారు. అదే ఏడాది నిస్ట్ కూడా గడువు పెట్టి మార్పించొద్దని, బయటపడిందని ఆధారం ఉంటేనే మార్పించమని చెప్పింది. నేను ఆ పత్రం చదివి మార్చకుండా ఉన్నానని చెప్పుకోను. బద్ధకం.

కాగితం మీద తగువు

ఈ కథ చెబితే ఆఫీసులో ఒకాయన, "అయితే మేనేజర్ వేస్ట్ అన్నమాట, డైరీయే మేలు" అన్నారు. కాదు. నాన్న డైరీలో పాస్‌వర్డ్‌లు ఇరవై ఉంటే వాటిలో పన్నెండు ఒకటే. తప్పుడు సైటు ముందు డైరీ నోరు మూసుకుని ఊరుకోదు, దేనికైనా చదివిపెట్టేస్తుంది. రోజూ చేసే పనికి యాప్, అది మనల్ని గుర్తుపట్టని రోజుకి కాగితం. నేననేది ఇంతే.

ఇది నా సొంత తెలివి కూడా కాదు. గుప్తలిపి నిపుణుడు బ్రూస్ ష్నయర్ 2005లోనే పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోమన్నారు. చిన్న కాగితం ముక్కల్ని భద్రంగా దాచుకోవడం మనుషులకి బాగా వచ్చు అని ఆయన వాదన. అంతకుముందే పాస్‌వర్డ్ సేఫ్ అనే మేనేజర్ తయారుచేసిన మనిషి ఆయన. వన్‌పాస్‌వర్డ్ అనే మేనేజర్ వాళ్లు ఖాతా తెరవగానే ఎమర్జెన్సీ కిట్ అని ఒక పీడీఎఫ్ ఇచ్చి, ప్రింటు తీసి దాచుకోమంటారు. అందులో పాస్‌వర్డ్ చేత్తో రాసుకోవడానికి ఖాళీ జాగా కూడా ఉంటుంది. యాప్ అమ్మేవాళ్లకి తెలిసిన సంగతి పోస్టర్లు వేసేవాళ్లకి ఎందుకు తెలియలేదో.

"బీరువా పగలగొడితే?" అని అడుగుతారు. తెనాలిలో మా ఇంటి బీరువా పగలగొట్టినవాడు గాజులు పట్టుకుపోతాడు, డైరీ వంక చూడడు. ఎక్కడో విదేశంలో కూర్చుని ప్రోగ్రాము నడిపేవాడి చెయ్యి ఆ బీరువా దాకా రాదు. పొలం దస్తావేజులు, బాండ్లు, బంగారం అన్నీ అందులోనే పెట్టి, ఒక్క కాగితం విషయంలోనే ఇంత టెన్షన్ పడటం వింత.

అయితే ఒక మాట దగ్గర నేను తగ్గాను. నా స్నేహితురాలు ఒకామె ఇదంతా విని, "మా ఇంట్లో బీరువా తాళం నా దగ్గర ఉండదు" అంది. అంతే అంది. నాకు నోట మాట రాలేదు. జీతం ఎంత, ఎవరికి ఎంత పంపింది, పుట్టింటివాళ్లతో ఏం మాట్లాడింది, అన్నీ ఇంట్లోవాళ్లే తవ్వే చోట, కాగితం దొంగకి దొరక్కపోవచ్చు గానీ, దొరకకూడని చేతికి ముందు దొరుకుతుంది. అలాంటి మనిషికి "కాగితం మీద ఎప్పుడూ రాసుకోకండి" అన్న పోస్టరే నిజం. ఇప్పుడు ఆమె తన కాగితం కవర్లో పెట్టి అంటించి, అంటించిన చోట సంతకం పెట్టి మా ఇంట్లో ఉంచింది. నేను తెరవలేదని ఆమెకి తెలియడానికి ఆ సంతకం. నేను నొచ్చుకోలేదు.

రెండో వైపు నుంచి ఇంకో మాట అంటారు: అన్నీ ఒకే కంపెనీ చేతిలో పెట్టి, వాళ్ల దగ్గర దొంగలు పడితే? పడ్డారు కూడా. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ కంపెనీ నుంచి వినియోగదారుల వాల్ట్‌ల కాపీలే పోయాయి. లోపలి పాస్‌వర్డ్‌లు గుప్తలిపిలో ఉన్నాయి గానీ, ఎవరికి ఏ సైట్లలో ఖాతాలున్నాయో ఆ అడ్రసులు విప్పి ఉన్నట్టే ఉన్నాయి. మాస్టర్ పాస్‌వర్డ్ సాయిరామ్ యాట్ 123 అయినవాళ్ల గతి ఊహించుకోవచ్చు. ఆ వార్త చదివాక నేను కొన్నాళ్లు కీపాస్‌కి మారాను. అందులో కంపెనీ సర్వరు ఉండదు, ఫైలు మన చేతిలోనే ఉంటుంది. ఆ ఫైల్ని ఫోనుకీ కంప్యూటర్‌కీ మధ్య నేనే మోసేదాన్ని. మూడు వారాల్లో రెండు ఫైళ్లయ్యాయి, ఒకదాంట్లో కొత్త బ్యాంకు పాస్‌వర్డ్, ఇంకోదాంట్లో కొత్త మెయిలు పాస్‌వర్డ్. ఓపిక ఉన్నవాళ్లకి అదే మంచిది. నాకు లేదు. పాత యాప్‌కే తిరిగొచ్చి మాస్టర్ పాస్‌వర్డ్ పొడవు చేసుకున్నాను.

పొడవు చెయ్యడంలో ఒక తెలుగు తంటా ఉంది. పాచికలు వేసి మాటలు ఏరుకునే పద్ధతి ఉంది, డైస్‌వేర్ అంటారు. 7,776 మాటల జాబితాలోంచి ఐదు పాచికల అంకెలతో ఒక్కో మాట వస్తుంది. ఆ ఇంగ్లీషు మాటలు నాకు గుర్తుండవని సొంతంగా ఆరు తెలుగు మాటలు రాసుకుని పెట్టాను. వారం తిరక్కుండా మర్చిపోయాను. మాటలు కాదు, స్పెల్లింగు. వంకాయలో 'ఎ' ఒకటి పెట్టానా రెండా? దోసకాయకి 'డి' ఒక్కటేనా, పక్కన 'హెచ్' కూడానా? ఆ రోజు ఫోన్లో వేలిముద్రతో తెరుచుకోబట్టి సరిపోయింది. తెలుగు మాటలు పెట్టుకునేవాళ్లు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాశారో ఎక్కడైనా రాసుకోండి. మళ్లీ కాగితమే.

కవరు

మా పెదనాన్న పోయినప్పుడు ఆయన ఫోను మూడు నెలలు ఎవరికీ తెరుచుకోలేదు. ఫిక్సెడ్ డిపాజిట్లు ఎన్ని ఉన్నాయో పెద్దమ్మకి తెలియదు. ఇలాంటివాటికి యాప్‌లలోనే ఏర్పాట్లున్నాయి. బిట్‌వార్డెన్‌లో డబ్బు కట్టే ప్లాన్ తీసుకుంటే, మనం ఎంచుకున్న మనిషి అడిగాక, మనం చెప్పిన గడువులోగా కాదనకపోతే వాల్ట్ వాళ్లకి తెరుచుకుంటుంది. గూగుల్‌లోనూ ఎన్నాళ్లు వాడకపోతే ఎవరికి అప్పగించాలో పెట్టుకోవచ్చు. తమ్ముడి పేరు పెట్టాను. అమ్మ పేరు పెట్టలేదు, అమ్మకి ఆ మెయిలు వచ్చినా తెరవదు. అమ్మకి బీరువా తెలుసు.

అందుకని ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒక కవరు తయారుచేశాను. మెయిలు పాస్‌వర్డ్, రికవరీ కోడ్ (ఫోను చేతిలో లేనప్పుడు పనికొచ్చేది), మాస్టర్ పాస్‌వర్డ్‌లో ఆరు మాటలకి ఐదు. ఆరో మాట కాగితం మీద ఉండదు, నాన్నకీ అమ్మకీ నోటితో చెబుతానన్నాను. కవరు ఎవరికి దొరికినా ఆ ఒక్క మాట లేకుండా వాల్ట్ తెరుచుకోదు. ముందు నాన్నకి చెప్పాను. ఆయన ఎదురుగా కొత్త ఏడాది డైరీ తెరిచి ఉంది. పాత డైరీలోవన్నీ ఏటా కొత్తదాంట్లోకి ఎక్కించుకోవడం ఆయనకి సంక్రాంతి పనుల్లో ఒకటి. పెన్ను అలవాటుగా కదలబోయింది. నేను చూశాను. మూత పెట్టేశారు.

"గుర్తుంటుందా నాన్నా?"

"ఉంటుందిలే. మర్చిపోయినా మీ అమ్మకి చెప్పావుగా."

వంటింట్లోంచి అమ్మ అరిచింది. "నాకెక్కడ చెప్పింది?"

లోపలికి వెళ్లాను. అమ్మ అరిసెల పాకం చూస్తోంది. చెవిలో మాట చెప్పాను. "ఇదా! ఇది మన పాత గేదె పేరు కదే," అంది, హాల్లోకి వినపడేంత గట్టిగా. "చివర దీర్ఘం ఉందా, లేదా?"